కొత్తిమీర కట్ట కోసం

ఇండియా నుంచి ఎవరు ఫోన్ చేసినా మొదట అడిగేది ఒకటే. "ఏమ్మా, సర్దుకున్నారా?" అని. "ఆ, సర్దుకున్నామండీ" అంటాను. ఆ మాట పక్కనే మనకి ఇంకో మాట ఉంది కదా, సర్దుకుపోవడం. వినడానికి రెండూ అక్కాచెల్లెళ్ళలాగే ఉంటాయి. మేము షికాగో వచ్చి ఏణ్ణర్థం అయింది. ఆ రెండు మాటలకీ ఎంత తేడా ఉందో నాకు ఇక్కడే తెలిసింది.

విజయవాడలో, పటమటలో ఉన్నప్పుడు ఇల్లంతా నా చేతుల మీదే నడిచేది. గ్యాస్ బుక్ చెయ్యడం, పాప స్కూలు ఫీజు, అత్తగారి బీపీ మందులు, బ్యాంకు పని, ప్లంబరుతో గొడవ, అన్నీ నావే. స్కూటీ తీశానంటే బీసెంట్ రోడ్డు దాకా వెళ్ళి గంటలో అరడజను పనులు చక్కబెట్టుకుని వచ్చేదాన్ని. మావారికి మా ఇంటి కరెంటు మీటరు ఎక్కడుందో కూడా తెలియదు!

ఇక్కడికి వచ్చాక కథ తిరగబడింది. ఇంటి అగ్రిమెంటు ఆయన పేరు మీద, ఫోన్ కనెక్షన్ ఆయన పేరు మీద. నా హెచ్-4 వీసా అయితే ఆయన వీసాకి తోకలాంటిది. ఇవన్నీ కాగితాలే కదా, పోనీ అనుకోవచ్చు. మొదటి నెలలో నాకు ఎక్కడ గుచ్చుకుందంటే కొత్తిమీర దగ్గర. చారులోకి కొత్తిమీర కావాలంటే శనివారం దాకా ఆగాలి. "ఏమండీ, ఈసారి డెవాన్ వెళ్దామా?" అని అడగాలి. ఆయన అలిసిపోయి ఉంటే ఆదివారం. పాపం, ఆయన ఏనాడూ విసుక్కోలేదు. విసుక్కోకపోయినా అడగడం అడగడమే కదండీ.

మేముండేది రోజర్స్ పార్క్‌లో. ఊరికి ఉత్తరం చివర, మిషిగన్ సరస్సు ఒడ్డున. మావారి ఆఫీసు డౌన్‌టౌన్‌లో కాబట్టి రెడ్ లైన్ రైలు స్టేషన్ దగ్గర ఇల్లు తీసుకున్నాం. సరస్సు అంటే కొల్లేరులాంటిది ఊహించుకుని వచ్చాను. చూస్తే అవతలి ఒడ్డు కనపడదు, అలలు కూడా వస్తాయి. ఉప్పు వాసన ఒక్కటే లేదు. ఊరంతా తాగేది ఆ నీళ్ళే.

పాప స్కూలుకి, ఆయన ఆఫీసుకి వెళ్ళాక ఇంట్లో నేనొక్కదాన్నే. అందులో మధ్యాహ్నం ఒంటిగంట మరీ కష్టం. చలికాలంలో మనకీ వాళ్ళకీ పదకొండున్నర గంటల తేడా, అంటే అప్పుడు ఇండియాలో అర్ధరాత్రి దాటి ఉంటుంది. అమ్మకి చేద్దామన్నా, చెల్లికి చేద్దామన్నా అందరూ నిద్రలో ఉంటారు. పని అయిపోతుంది, మాట్లాడడానికి మనిషి ఉండరు. ఆ గంట గడవడం కోసం నేను ఈ ఊరి మ్యాపు చూడడం మొదలుపెట్టాను.

చూస్తుంటే ఒక సంగతి అర్థమైంది. మన ఊళ్ళో అడ్రస్ అంటే రామాలయం వెనక సందు, వాటర్ ట్యాంకు ఎదురుగా మూడో ఇల్లు. ఇక్కడ అడ్రస్ అంటే లెక్క. డౌన్‌టౌన్‌లో స్టేట్ స్ట్రీట్, మేడిసన్ స్ట్రీట్ కలిసే చోటు సున్నా. 1909 నుంచి ఊళ్ళో ఇళ్ళ నంబర్లు అక్కడి నుంచే మొదలవుతాయి. అక్కడి నుంచి ఎటు వెళ్ళినా దాదాపుగా 800 నంబర్లకి ఒక మైలు. డెవాన్ ఎవెన్యూ 6400 ఉత్తరం, అంటే సున్నా నుంచి ఎనిమిది మైళ్ళు. డెవాన్ మీద మనవాళ్ళ కొట్లు చాలావరకు వెస్ట్రన్ ఎవెన్యూ దాటాక ఉంటాయి. వెస్ట్రన్ 2400 పడమర. మేముండేది 1200 పడమర దగ్గర. తేడా 1200 నంబర్లు. అంటే మైలున్నర!

మైలున్నర అంటే రెండున్నర కిలోమీటర్లు కూడా లేదు. పటమట నుంచి బెంజ్ సర్కిల్ దాటి అంతకంటే ఎక్కువ దూరం రోజూ తిరిగిన మనిషిని నేను. ఈ మైలున్నర కోసమా శనివారం దాకా ఎదురుచూస్తున్నది?

మర్నాడే బయల్దేరాను. డెవాన్ మీదుగా వెళ్ళేది 155 నంబరు బస్సు. మావారు కొని పెట్టిన వెంట్రా కార్డు అప్పటిదాకా డ్రాయరులోనే ఉంది. ఎక్కి కార్డు ఆనిస్తే 'టక్' మని శబ్దం, అంతే. రెండు గంటల లోపల ఇంకో బస్సు మారినా మళ్ళీ పూర్తి టికెట్టు పడదు. కండక్టరు ఉండడు, చిల్లర గొడవ లేదు. దిగాలంటే కిటికీ పక్కన ఉన్న తాడు లాగాలి. నేను రెండు స్టాపుల ముందే లాగేసి దిగి నడిచాను. అదీ మంచిదే అయింది, వీధి అంతా చూడగలిగాను.

డెవాన్ చూస్తే నవ్వొచ్చింది. ఒక మూల స్తంభానికి గాంధీ మార్గ్ అని గోధుమరంగు బోర్డు, ఇంకొంచెం వెళితే జిన్నా పేరుతో ఇంకో బోర్డు. ఒకే వీధిని వాటాలు వేసుకున్నట్టు. చీరల కొట్లు, మిఠాయి కొట్లు, హలాల్ మాంసం కొట్లు. అమెరికా అంతటా ఇప్పుడు కనిపించే పటేల్ బ్రదర్స్ 1974లో మొదలైంది ఈ వీధిలోనే. అంతకుముందు మావారితో వచ్చినప్పుడు కారులో దిగి, చీటీ ప్రకారం కొనేసి, పార్కింగ్ టైము అయిపోతుందని పరుగు. ఆ రోజు మాత్రం తీరిగ్గా తిరిగాను. గోంగూర ఆకు తుంచి వాసన చూశాను. రెండు కొత్తిమీర కట్టలు, పచ్చిమిరపకాయలు, గోంగూర తీసుకుని మళ్ళీ బస్సెక్కాను.

సాయంత్రం మావారు గోంగూర పచ్చడి చూసి "ఎవరు తెచ్చారు?" అన్నారు. "నేనే" అన్నాను. ఆ రెండు అక్షరాలు అనడం ఎంత బాగుందో!

తర్వాత చలి వచ్చింది. దాని గురించి అందరూ రాస్తారు కాబట్టి ఎక్కువ చెప్పను. పాపని స్కూలుకి తయారు చెయ్యడమే అరగంట. లోపలి థర్మల్స్, పైన బట్టలు, స్నో ప్యాంటు, కోటు, టోపీ, గ్లవ్స్, బూట్లు. అన్నీ వేశాక "అమ్మా, బాత్రూమ్" అంటుంది.

మంచులో నాకు నచ్చినది ఒకటుంది. రాత్రంతా మంచు పడితే రోడ్డు పక్కన పెట్టిన కారు చుట్టూ పారతో తవ్వి తియ్యాలి. అలా కష్టపడి తీసినవాళ్ళు, కారు తీసుకుని వెళుతూ ఆ ఖాళీ జాగాలో ఒక పాత కుర్చీ పెట్టి వెళతారు. ఇంకెవరూ అక్కడ కారు పెట్టకూడదన్నమాట. దీన్ని 'డిబ్స్' అంటారు. చట్టం ఒప్పుకోదు, అయినా ఊరు ఒప్పుకుంటుంది. నాకు మాత్రం వెంటనే మన ఆర్టీసీ బస్సులు గుర్తొచ్చాయి. కిటికీలోంచి సీటు మీద రుమాలు వెయ్యడం మనకి కొత్తా? కుర్చీలు, ఇస్త్రీ బల్లలు, చీపుళ్ళు వరసగా కనిపిస్తుంటే ఈ ఊరివాళ్ళు మనవాళ్ళేనని ధైర్యం వచ్చింది.

మా అపార్ట్‌మెంటు పాతది. కింద బాయిలరు, గదిగదికీ ఇనప రేడియేటరు. వేడెక్కేటప్పుడు గొట్టాలు టంగు టంగుమని మోగుతాయి. మొదట్లో భయపడ్డాను గానీ, తర్వాత అది నాకు వంటింట్లో సాయం చేసే మనిషైంది. దాని పక్కన స్టూలు వేసి ఇడ్లీ పిండి గిన్నె పెడితే తెల్లారేసరికి పొంగుతుంది. పెరుగు కూడా అక్కడే తోడుకుంటుంది.

జనవరిలో ఒక పొద్దున్న లేచేసరికి పిండి రాత్రి పెట్టినట్టే ఉంది. పెరుగు పాలుగానే ఉంది. రేడియేటరు మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. మావారు బిల్డింగ్ మేనేజరుకి ఫోన్ చేసి ఆఫీసుకి వెళ్ళారు. మర్నాటికీ వేడి రాలేదు. ఈసారి నేను చేశాను. "రెండు రోజులు ఓపిక పట్టండి, ఒక స్వెటరు ఎక్కువ వేసుకోండి" అన్నాడు. చూశారా, సర్దుకుపొమ్మని ఇంగ్లీషులో చెప్పాడు.

కింది ఫ్లాటులో ఒకావిడ ఉంటారు, డెబ్బై దాటి ఉంటాయి. అప్పటిదాకా మెట్ల దగ్గర నవ్వుకోవడమే. ఆ రోజు వెళ్ళి తలుపు కొట్టాను, పెద్దావిడ ఎలా ఉన్నారో అని. దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. ఆవిడ గోడ మీద ఉన్న థర్మామీటరు 58 చూపిస్తోంది, మన లెక్కలో పద్నాలుగు డిగ్రీలు. ఆవిడే చెప్పారు, ఈ ఊళ్ళో దీనికి చట్టం ఉందని. సెప్టెంబరు 15 నుంచి జూన్ 1 దాకా అద్దె ఇళ్ళలో ఇంటివాళ్ళే వేడి ఇచ్చేటట్టయితే పగలు 68 డిగ్రీలు, రాత్రి 66 డిగ్రీలు తగ్గకూడదట. తగ్గితే 311కి ఫోన్ చెయ్యమన్నారు. మరి మీరు చెయ్యలేదేమని అడిగితే, చెవులు సరిగ్గా వినపడవు, ఫోన్‌లో మాట్లాడడం కష్టం అన్నారు.

మావారు మీటింగుల్లో ఉన్నారు. సాయంత్రం దాకా ఆగుదామా అని ఒక్క నిమిషం ఆలోచించాను. విజయవాడలో కరెంటు పోతే సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి లైన్‌మన్ వచ్చేదాకా వదిలేదాన్ని కాదు. అదే నోరు కదా ఇది! ఆవిడ సోఫాలో కూర్చునే 311 నొక్కాను. అవతల అమ్మాయి అడ్రస్ అడిగింది, ఎప్పటి నుంచి వేడి లేదని అడిగింది, ఇంట్లో ఎన్ని డిగ్రీలు ఉందని అడిగింది. నా యాస ఆమెకి రెండుసార్లు అర్థం కాలేదు, ఆమె మాట నాకు మూడుసార్లు అర్థం కాలేదు. అయినా ఇద్దరం వదలలేదు. చివరికి ఒక ఫిర్యాదు నంబరు ఇచ్చింది. దాన్ని కాగితం మీద రాసి, ఫోటో తీసి మేనేజరుకి మెసేజ్ పెట్టాను.

మధ్యాహ్నం ఇద్దరు మనుషులు వచ్చి బాయిలరు దగ్గర దిగారు. రాత్రి తొమ్మిదింటికి గొట్టాలు టంగుమన్నాయి. పాప "అమ్మా, వచ్చింది!" అని గెంతింది. కింద నుంచి ఆవిడ చేతికర్రతో రెండుసార్లు పైకప్పు తట్టారు. అది ఆవిడ థాంక్స్. ఇప్పుడు నా మధ్యాహ్నం ఒంటిగంట ఆవిడతోనే. ఆవిడకి పెసరట్టు ఇష్టం, అల్లం చట్నీ మాత్రం వద్దంటారు.

జూలైలో అగ్రిమెంటు అయిపోతుందనగా మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. మావారి స్నేహితులందరూ నేపర్‌విల్‌లోనో, అరోరాలోనో ఉంటారు. పెద్ద ఇళ్ళు, వెనక జాగా, చుట్టూ తెలుగువాళ్ళు. అరోరాలో వెంకటేశ్వరస్వామి గుడి. ఆయన ఆఫీసుకి అక్కడి నుంచి కూడా రైలు ఉంది. వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా "ఇంకా సిటీలోనే ఏం ఉంటారు?" అంటారు. నాకూ ఆశ లేకపోలేదు. బతుకమ్మకీ, సంక్రాంతికీ పదిమంది ఆడవాళ్ళు కలిసి కూర్చుంటే ఆ సందడే వేరు. పాపకి తెలుగు నేర్పే క్లాసు కూడా అక్కడైతే దగ్గర.

కానీ మేము చూసిన ఇళ్ళ దగ్గర నేనొక లెక్క వేసుకున్నాను. గుమ్మం నుంచి కొట్టుకి నడవగలనా? లేదు. బస్సు? లేదు. ప్రతి పనికీ కారు కావాలి. కారు నేర్చుకుంటాను, అది జరుగుతుంది. నేర్చుకునేదాకా మళ్ళీ "ఏమండీ, శనివారం..." అనే కదా.

"ఇంకో ఏడాది ఇక్కడే ఉందామండీ" అన్నాను. ఆయన ఆశ్చర్యపోయారు. "ఈ ఊళ్ళో ఉండలేనని నువ్వే అంటావేమో అనుకున్నా. పెద్ద ఇల్లు వద్దా?" అన్నారు. "ఇల్లు చిన్నదైనా ఊరు పెద్దది. ఊళ్ళో నేను తిరగగలను" అన్నాను. రెండు రోజులు ఆలోచించి సరే అన్నారు. పూర్తిగా మనసులోంచి అన్నారని చెప్పలేను. వెనక జాగాలో టమాటా మొక్కలు వేసుకోవాలని ఆయన కోరిక. అది నా వల్ల ఆగింది. వచ్చే జూలైలో మళ్ళీ మాట్లాడుకుంటాం, అప్పటికి నాకు డ్రైవింగ్ లైసెన్సు ఉంటే నా మాట మారొచ్చు కూడా.

కొత్తగా వచ్చే అమ్మాయిలు నన్ను అడిగితే మూడు చెబుతాను. మొదటి నెలలోనే మీ ఇంటి ముందు నుంచి వెళ్ళే ఒక బస్సు ఎక్కి, చివరిదాకా వెళ్ళి అదే బస్సులో వెనక్కి రండి. మీ ఊరి నగరపాలక ఫోన్ నంబరు ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. బిల్డింగులో ఒక్కరి తలుపైనా కొట్టండి. సామాను ఎప్పుడైనా సర్దుకోవచ్చు.

నేను మొన్ననే రెండు చక్రాల సంచీ బండి ఒకటి కొన్నాను. ఇరవై పౌండ్ల బియ్యం బస్తా అందులో హాయిగా పడుతుంది. బస్సు మెట్ల దగ్గర కాస్త బరువే గానీ, ఎవరో ఒకరు చెయ్యి వేస్తారు.