రిటైరయ్యాక అలీఫ్, బే

మా దాదాకు ఉర్దూ రాత ఒక్కటే వచ్చు. అబ్బాకు తెలుగు రాత ఒక్కటే వచ్చు, యాభై ఎనిమిదేళ్లు నిండేదాకా. మధ్యలో రాజ్యం మారింది. నిజాం హయాంలో కచేరీ, దస్తావేజు, పై చదువు అన్నీ ఉర్దూలోనే. 1948లో పోలీస్ యాక్షన్, 1956లో ఆంధ్రప్రదేశ్. ఆ 1956లోనే అబ్బాను మా నల్గొండ జిల్లా పల్లెలో తెలుగు బడిలో వేశారు. నౌకరీ కావాలంటే ఇక అదే దారని దాదాకు అర్థమైంది. అట్లా ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, ఆ భాషలో ఒక్క ముక్క చదవలేని మనిషి బస్సు కండక్టరై, 2008లో రిటైరయ్యాడు.

ముసల్మానుగా పుడితే ఉర్దూ రాత పుట్టుకతోనే వస్తుందనుకుంటారు చాలామంది. మా పత్రికాఫీసులో ఉర్దూ కాయితం ఏది కనబడ్డా నా బల్ల మీదికే వస్తుంది. నేను దాన్ని కాలేజీలో నేర్చుకున్నానంటే నమ్మరు.

రిటైరయ్యాక కూడా అబ్బా డ్యూటీకి పోయేవాడిలా చీకట్లోనే లేచి కూర్చునేవాడు. ఫజర్ నమాజు అయ్యాక ఏం చెయ్యాలో తోచేది కాదు. వంటింట్లో తలదూర్చి అమ్మీతో తిట్లు తినేవాడు. ఒకరోజు "బేటా, ఉర్దూ ఖాయిదా ఒకటి తే" అన్నాడు. పిల్లల కోసమనుకున్నాను. తనకేనట.

చిన్నప్పుడు మసీదులో ఖురాన్ చదవడం నేర్చాడు కాబట్టి అక్షరాలు కొత్త కాదు. అరబ్బీలో లేని పే, టే, చే, గాఫ్‌లాంటివి కలుపుకుంటే చాలు. చిక్కంతా వేరే చోట. ఖురాన్‌లో జేర్, జబర్, పేష్ గుర్తులుంటాయి. మామూలు ఉర్దూ రాతలో వాటిని పెట్టరు. మాట ముందే తెలిసుంటేనే చదవగలం. "మాట గుర్తుపట్టినంక అక్షరం చదవాలె. ఇదేం ఉల్టా చదువురా" అని నవ్వేవాడు. ఏడాది తిరిగేసరికి సియాసత్ పత్రిక పట్టుకుని కూర్చున్నాడు.

2017 సెప్టెంబర్‌లో తెలంగాణలో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. ఊళ్లో సందూకులన్నీ తెరుచుకున్నాయి. సేత్వార్ నకళ్లు, కిస్తు రసీదులు, 1950 కౌలుదారీ చట్టం నాటి కాయితాలు. చాలావరకు ఉర్దూవే. దాచుకున్నది మాత్రం రెడ్లు, గొల్లలు, మాదిగలు. (రైతు అన్న మాట కూడా అరబ్బీ నుంచి వచ్చిందే, ఎవరికీ అడ్డం రాలేదు.) "కండక్టర్ సాబ్, జర ఇది చూడరాదు" అంటూ మా అరుగు మీదికి వచ్చారు.

ఆ గుమాస్తాల రాత షికస్తా, మన గొలుసుకట్టు రాతలాంటిది. చుక్కలు ఎగరగొడతారు. చుక్క లేకపోతే బే ఏదో, తే ఏదో ఎట్లా తెలుస్తుంది? పైగా తేదీలు ఫస్లీలో. 590 కలిపితేగాని మన సంవత్సరం రాదు. అబ్బా పాత నోటుబుక్కులో ఆజర్, దై, బహ్మన్ అంటూ ఫస్లీ నెలల పట్టిక రాసుకున్నాడు. చదివి తెలుగులో రాసిచ్చేవాడు. "నా రాత ఆఫీసులో చెల్లదు, తహసీల్ నుంచి నకలు తీసుకోండి" అని ప్రతి ఒక్కరికీ చెప్పేవాడు. పైసా తీసుకోలేదు.

ఒక మాదిగ తాత తెచ్చిన కాయితంలో ఆయన తండ్రి పేరు రక్షిత కౌలుదారుగా ఉంది. అబ్బా చదివి వినిపిస్తే, మళ్లీ చదవమన్నాడు. "మా అయ్య పేరు యాడుంది?" అని అడిగి, అక్కడ వేలు పెట్టి చాలాసేపు కూర్చున్నాడు. నిజాం సర్కారు, ఆ తర్వాతి సర్కారు ఆయనకేం చేశాయో నాకు తెలుసు. ఆ పేరు మాత్రం ఉర్దూలోనే ఉంది.

మా దాదా పెట్టెలోనూ కిస్తు రసీదులు దొరికాయి. 1357 ఫస్లీ దాకా వరసగా ఉన్నాయి. ఆ తర్వాత లేవు. ఆ చేను ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో ఊరందరికీ తెలుసు. వాళ్లు కూడా కాయితాలు పట్టుకుని వచ్చారు. అబ్బా అద్దాలు పెట్టుకుని, అందరికీ చదివినట్టే చదివిపెట్టాడు. అమ్మీ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

డెబ్బై అయిదు దాటిన ఈ వయసులో ఇప్పుడు సియాఖ్ అంకెల మీద పడ్డాడు. పాత లెక్కల్లో మొత్తాలు ఆ గుర్తుల్లో రాసేవాళ్లు. అవి నాకూ రావు. ఆదివారం ఊరికి పోతే, ఒకే రసీదు మీద ఇద్దరం వంగి కూర్చుంటున్నాం.