ఆ జనంలో మా నాన్న

మొన్న ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాలు తిరగేస్తుంటే ఒక పాత పత్రిక దొరికింది. అట్ట లేదు, చివరి పేజీలూ లేవు. వాడు వందన్నాడు, నేను నలభై అన్నా, అరవైకి తెగింది. కొన్నది ఒక్క ఫోటో కోసం. 1983 జనవరి 9, లాల్ బహదూర్ స్టేడియంలో ఎన్టీఆర్ ప్రమాణ స్వీకారం. వేదిక మీద ఆయన, ముందంతా జనం.

పార్టీ పెట్టింది 1982 మార్చి 29న. ఏడాది తిరక్కుండానే ముఖ్యమంత్రి! రాజ్‌భవన్‌లో జరగాల్సిన తంతుని స్టేడియానికి తెచ్చి అందరి ముందూ కానిచ్చాడు. "ఆ రోజు నేనక్కడ ఉన్న" అని మా నాన్న వందసార్లు చెప్పుంటాడు. అప్పుడాయనకి పంతొమ్మిదేళ్ళు. పరీక్ష ఫీజు డబ్బుల్తో మిర్యాలగూడలో బస్సెక్కాడట. తాతయ్య ఆర్నెల్లు మాట్లాడలేదు. ఆ డబ్బులు సినిమాలకి తగలేసి ఈ కథ అల్లాడని మా బాబాయి వాదన. ఇన్నాళ్ళకి సాక్ష్యం దొరికిందనుకున్నా.

మొజంజాహీ మార్కెట్ దాకా నడిచి, ఐస్‌క్రీం తెచ్చుకుని, 1935 నాటి ఆ రాతి గోడల పక్కన కూర్చుని వెతకడం మొదలెట్టా. ఫోన్‌తో ఫోటో తీసి జూమ్ చేస్తే ఏముంది, అన్నీ చుక్కలే. పత్రికలో అచ్చయిన ఫోటో అంటేనే చుక్కలు కదా. ఎంత పెద్దది చేస్తే చుక్కలు అంత పెద్దవవుతాయి తప్ప మొహం రాదు.

అమెరికాలో ఇలాంటి వెతుకులాట ఒకటి ఫలించింది. 1863 నవంబర్ 19న గెటిస్‌బర్గ్‌లో లింకన్ మాట్లాడింది రెండు మూడు నిమిషాలే. ఆరోజు తీసిన ఒక ఫోటోలో ఉన్నది ఉత్త జనమే అనుకున్నారు, దాదాపు తొంభై ఏళ్ళు. 1952లో అక్కడి నేషనల్ ఆర్కైవ్స్‌లో పనిచేసే జోసెఫిన్ కాబ్ పెద్దది చేయించి చూస్తే, జనం మధ్యలో టోపీ లేకుండా లింకన్! గాజు నెగెటివ్‌లో ఆ వివరం ఉంది కాబట్టి బయటపడింది. నా అరవై రూపాయల కాగితంలో లేదు.

లేనిదాన్ని తెప్పించే సాఫ్ట్‌వేర్ ఇప్పుడుంది కదా. ఏఐ టూల్‌కి ఇచ్చా. నిమిషంలో చుక్కలన్నీ మనుషులైపోయాయి, మీసాలతో, చొక్కా గుండీలతో సహా. ఎడమవైపు మూడో వరసలో ఒక కుర్రాడు... అచ్చం నాన్న పెళ్ళి ఫోటోలోని మొహం! అది ఎక్కడెక్కడి మొహాలో చూసి నేర్చుకుని అల్లినదని నాకు తెలుసు. అయినా ఒళ్ళు జలదరించింది.

ఇంటికెళ్ళి చూపించా. నాన్న కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి నవ్వాడు.

"నేను కాదురా. నేను లోపలికి పోతె గద!"

తోపులాటలో చెప్పు తెగి, గేటు దగ్గరే ఆగిపోయాడట. రోడ్డు మీద నిలబడి మైకులో గొంతు విన్నాడు. తర్వాత ఒంటికాలి చెప్పుతో గౌలిగూడ బస్టాండుకి నడుస్తూ, మొజంజాహీ మార్కెట్ దగ్గర చెప్పు కుట్టించుకుని, జనవరి చలిలో ఐస్‌క్రీం తిన్నాడు.

"మరి చూశానని చెప్పావుగా?"

"చూసిన అన్ననా ఎన్నడన్న? ఉన్న అన్న."

నిజమే. చూశాడని అనుకున్నది మేమే.

ఫోటోలో కనపడేవాళ్ళని చూసి జనం ఇంతమంది వచ్చారంటాం. గేటు బయటివాళ్ళు ఏ ఫోటోలోకీ రారు. అలాంటి మనిషిని తీసుకొచ్చి మూడో వరసలో నిలబెట్టింది ఆ ప్రోగ్రాం. ఆయన ఊఁ అనుంటే బాబాయి నోరు మూతపడేది, నేను ఫ్రేము కూడా కట్టించేవాణ్ణి. ఆయన అనలేదు. నేను ఆ ఫైలు డిలీట్ చేసేశా. చుక్కల ఫోటో మాత్రం దాచుకున్నా.

వచ్చే ఆదివారం నాన్నని మొజంజాహీ మార్కెట్‌కి తీసుకెళ్తున్నా. బాబాయినీ రమ్మన్నా. బిల్లు బాబాయిదే.