కారని లీకు

మన భాషలో లీకు అంటే కారడమే. కుండ కారుతుంది, పంపు కారుతుంది, ముసురు పట్టిందంటే పెంకుటిల్లు కారుతుంది. కింద తడి చూసి పైన చిల్లు ఎక్కడుందో చెప్పేస్తాం. సైకిలు ట్యూబయితే తొట్లో ముంచి, బుడగలు లేచిన చోట గుర్తు పెడతారు. ఈ విద్యలన్నిటికీ సూత్రం ఒకటే. లోపలిది బయటికి రావాలి. అలా కాక బయటిదే లోపలికి పోతూంటే, మన తెలివి అక్కడితో సరి!

పెట్రోలు కారుకి సరిగ్గా అలాంటి జబ్బే ఒకటి వుంది. దాన్ని వాక్యూమ్ లీకు అంటారు. ఇంజను గాలి పీల్చి బతికే ప్రాణి. పిస్టను కిందికి దిగినప్పుడల్లా గాలిని లాగుతుంది. యాక్సిలరేటరు మీద కాలు లేనప్పుడు గాలి వచ్చే ద్వారం దాదాపు మూసుకుని వుంటుంది గనక, ఆ ద్వారానికీ ఇంజనుకీ మధ్య గాలి పలచబడిపోతుంది. ఈ లాగుడు బలాన్ని పాదరసం అంగుళాల్లో కొలుస్తారు. మన కృష్ణాతీరంలాంటి పల్లపు ప్రాంతాల్లో బయటిగాలి ఒత్తిడి సుమారు 30 అంగుళాలు. ఆరోగ్యంగా వున్న ఇంజను వూరికే తిరుగుతున్నప్పుడు 17 నుంచి 21 అంగుళాల దాకా లాగుతుంది. ఈ లాగుడుని వృథా పోనివ్వకుండా రబ్బరు గొట్టాలు తగిలించి బ్రేకుకి సాయంగా వాడుకుంటారు. పూర్వపు అమెరికా ఆటోమేటిక్ కార్లలో కొన్నిటికి గేరు ఎప్పుడు మారాలో చెప్పేది కూడా ఈ లాగుడే. ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు వేడికి బీటలు వారుతుంది. లెక్కలో లేని గాలి దొంగదారిన దూరుతుంది. ఇంజను కుదురు తప్పి వణుకుతుంది. కింద మాత్రం ఒక్క చుక్కయినా పడదు.

మంగళగిరిలో మా బావగారికి 2003 మోడలు ఆటోమేటిక్ కారు ఒకటి వుంది. మోజు పడి కొన్నది కాదు. చిన్నప్పుడే పోలియో వచ్చి ఆయన ఎడమకాలు చిక్కిపోయింది. క్లచ్చి తొక్కలేరు. లెక్కల మాస్టారుగా పనిచేసినన్నాళ్ళూ ఎవరో ఒకరి స్కూటరు వెనక సీటే ఆయన వాహనం. రిటైరయ్యాక ఈ కారు వచ్చింది. ఎవర్నీ అడక్కుండా, ఎవరికోసమూ కాచుక్కూచోకుండా, తలుచుకున్నప్పుడు తలుచుకున్న చోటికి పోవడమన్నది అరవై ఏళ్ళకి గాని ఆయనకి అనుభవంలోకి రాలేదు.

అలాంటి కారు మొరాయించింది. బెజవాడ వెళ్ళినప్పుడల్లా బెంజి సర్కిల్ సిగ్నలు దగ్గర వణకడం, ఆగిపోవడం, వెనకాల హారన్లు! ఓ షెడ్డులో చూపిస్తే, నిమిషంలో తేల్చేశారు: "గేర్‌బాక్సు పోయిందండీ." చెప్పిన అంకె కారు ఖరీదుని మించిపోయింది.

"ఇంక అమ్మెయ్యండి. వూళ్ళో ఆటోలు కరువా?" అంది మా అక్కయ్య.

బావగారు ఏమీ అనలేదు. అన్నం ముందు కూచుని, పెరుగు పోసుకోకుండానే లేచిపోయారు.

నిజానికి గేర్‌బాక్సు మీద అనుమానం రావడంలో వింత లేదు. మామూలు కారయితే సిగ్నలు దగ్గర న్యూట్రల్లో పెట్టి, కాస్త యాక్సిలరేటరు తొక్కి, జబ్బుని కప్పిపుచ్చుతాం. ఆటోమేటిక్‌లో ఆ వీల్లేదు. బండి ఆగివున్నా గేరు 'డి'లోనే వుంటుంది. ఇంజను ముందుకు తోస్తూంటుంది, కుడికాలు బ్రేకు మీద వుంటుంది. అంటే దొంగతనం జరిగిన వేళ ఇంట్లో ఇద్దరున్నారన్నమాట. గేరు, బ్రేకు. పెద్ద చెయ్యి గలవాణ్ణే ముందు పట్టుకోవడం లోకరీతి.

బెజవాడ ఆటోనగర్ సంగతి అందరికీ తెలిసిందే. మంగళగిరిలోనూ ఒక ఆటోనగర్ వుంది. అక్కడొక పాత మేస్త్రి దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆయన స్పానరు ముట్టుకోలేదు. హ్యాండుబ్రేకు వేయించి, గేరు న్యూట్రల్లో పెట్టించాడు. "ఇప్పుడు బ్రేకు తొక్కండి మాస్టారూ" అన్నాడు. తొక్కారు. ఇంజను వణికింది. వదిలారు. సర్దుకుంది. మళ్ళీ తొక్కారు. మళ్ళీ వణికింది.

"చూశారా, గేర్‌బాక్సు వూళ్ళో లేనప్పుడు కూడా దొంగతనం జరిగింది" అని నవ్వాడు మేస్త్రి.

తరవాత ఇంజను నుంచి బ్రేకు బూస్టరుకి పోయే గొట్టానికి గుడ్డ చుట్టి పటకారుతో నొక్కిపట్టాడు. ఈసారి బ్రేకు తొక్కినా ఇంజను చలించలేదు. అంటే చిల్లు నొక్కిన చోటికి అవతల వుంది. మూరెడు రబ్బరు గొట్టం తీసి, ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొస పెడలు వెనకాల తిప్పుతూ విన్నాడు. తరవాత బావగారి చెవికిచ్చాడు. బ్రేకు తొక్కినప్పుడల్లా సన్నగా 'స్స్...' మని చప్పుడు.

"మన పానకాలస్వామి పానకం తాగితే గుటకైనా వినపడుతుంది. సగం మనకి మిగులుస్తాడు కూడా. దీనికి ఆ మర్యాద లేదు" అన్నారు బావగారు. ఎన్నాళ్ళకో ఆయన మొహాన నవ్వు చూశాను.

ఆఖరి పరీక్ష మనం ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంజను ఆపి బ్రేకు నాలుగైదు సార్లు తొక్కాలి. కాలు అలాగే వుంచి ఇంజను స్టార్టు చెయ్యాలి. బూస్టరు బాగుంటే పెడలు కాస్త కిందికి దిగుతుంది. బావగారిది దిగలేదు. లోపలి రబ్బరు పొర చిరిగింది.

ఇక్కడ నాకు వొళ్ళు జలదరించింది. బూస్టరు పూర్తిగా పోతే బ్రేకు మాయమైపోదు గాని, పెడలు రాయిలా బిగుసుకుపోతుంది. ఎంతో బలంగా తొక్కితే గాని బండి ఆగదు. గేర్‌బాక్సు మార్పించి వుంటే డబ్బు పొయ్యేది, అసలు ప్రమాదం మాత్రం కాలికిందే వుండేది. బూస్టరు మార్చడానికి గేర్‌బాక్సుకి చెప్పిన దాంట్లో పదోవంతు కూడా కాలేదు.

లీకు వేరే చోట వుంటే ఎలా పట్టుకుంటారని అడిగాను. కొందరు మండే స్ప్రేలు కొడతారట. పక్కనే కాలిపోతున్న సైలెన్సరు గొట్టం వుంటుంది గనక తనకి ఆ సాహసం లేదన్నాడు. సబ్బునీళ్ళు కొద్దికొద్దిగా అతుకుల మీద చల్లుతాడు. చిల్లు వున్న చోట నీళ్ళు లోపలికి పోయి, క్షణంసేపు ఇంజను స్వరం మారుతుంది. బుడగ కోసం చూడకూడదు, స్వరం కోసం వినాలి. ఇప్పుడు పొగ యంత్రాలు కూడా వచ్చాయి. ఇంజను ఆపేసి లోపలికి పొగ పంపితే చిల్లులోంచి బయటికొస్తుంది. పీల్చే లీకుని కారే లీకుగా మార్చడమన్నమాట. ఎంత యంత్రమొచ్చినా చివరికి మన పంక్చరు షాపు సూత్రమే!

యంత్రం లేనిచోట మాత్రం ఒక్కొక్కదాన్నే పక్కకి తప్పిస్తూ, మిగిలినదాన్ని వినాల్సిందే. లెక్కల మాస్టారు గనక బావగారికి ఈ పద్ధతి బాగా నచ్చింది. ఇప్పుడు ఎవరింటి ముందు కారు వణికినా దిగి చెవి పెడుతున్నారు.

"మల్లెపాదులకి నీళ్ళు పెట్టే గొట్టం మూరెడు తక్కువైందేమిట్రా?" అని మా అక్కయ్య మొన్న ఫోన్లో అడిగింది. నాకేం తెలుసన్నాను.