హైటెక్ సిటీలో ఒక కథాసమాప్తి

యాత్ర యనగానే కాశియో, తిరుపతియో, కాకున్న పుష్కరస్నానమో మన సోదరీమణుల మనస్సునకు తోచును. గడచిన 2025వ సంవత్సరపు కార్తీకమాసమున మేము చేసిన యాత్ర అట్టిది కాదు. తెనాలినుండి హైదరాబాదునకు పోయి, అచట హైటెక్ సిటీ యను పేటలో రెండు దినములుండి, ఒక సినిమా చూచి తిరిగి వచ్చితిమి. ‘ఒక్క సినిమా కోసం అంత దూరమా?’ అని మా అత్తగారు నవ్విరి. ఆమెకు అప్పుడు చెప్పలేకపోయిన సమాధానమును ఇచట వ్రాయుచున్నాము.

మా అక్కగారి కుమార్తె ఆ పేటలోని యొక కంపెనీలో ఉద్యోగము చేయుచున్నది. పదునాలుగేండ్ల ప్రాయమున, 2015 జూలైలో, ఆ పిల్ల తల్లితో కలిసి ‘బాహుబలి’ మొదటి భాగమును చూచినది. ఆ చిత్రము ఎట్లు ముగిసినదో మీలో చాలమంది ఎఱుగుదురు. మాహిష్మతీ సింహాసనమునకు కట్టుబానిసయైన కట్టప్ప, తనను మామా యని పిలిచిన బాహుబలిని తానే చంపితినని చెప్పును. ఏల చంపెనో చెప్పడు. అంతటితో తెర పడును. మొదటి భాగము జూలై 10న రాగా, రెండవది 2017 ఏప్రిల్ 28న గాని రాలేదు. నడుమ 658 దినములు! ఆ దినములలో ‘కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు?’ అను ప్రశ్న పెండ్లిపందిళ్లలోను, రైలుపెట్టెలలోను, నీళ్లకుళాయిలయొద్దను వినబడుచునే యుండెను. ఎవరి ఊహ వారిది.

మా అక్కగారికి ఈ విషయమున ఒక దృఢమైన అభిప్రాయముండెను. చిత్రారంభమున రాజమాత శివగామి ప్రవాహమున మునిగిపోవుచు కూడ పసివానిని ఒంటిచేత నీటిపై ఎత్తి పట్టుకొనును. ‘ఆజ్ఞ ఎవరిదైనా కావచ్చు, ఆ తల్లిది మాత్రం కాదు’ అని అక్కగారు అందఱితో వాదించెడిది. 2016 చివర జ్వరము సోకి, పది దినములలోనే ఆమె మమ్ము విడిచి పోయినది. రెండవ భాగము వచ్చినపుడు వీధివీధియంతయు పోయి చూచినది. ఆ పిల్ల మాత్రము పోలేదు.

ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు తెలియకపోలేదు. ‘చంపమన్నది శివగామే’ అని తోడిపిల్లలు మొదటి దినముననే చెప్పివైచిరి. అమ్మ మాట తప్పయినదను బాధ యొకటి, అమ్మ లేకుండ చూచుట యొకటి. ఎనిమిదేండ్లు ఆ చిత్రము టెలివిజనులో వచ్చినను లేచి పోయెడిది. ఇంతలో దర్శకుడు రాజమౌళిగారు రెండు భాగములను ఒక్కటిగా కూర్చి, ‘బాహుబలి: ది ఎపిక్’ అను పేర 2025 అక్టోబరు 31న మరల విడుదల చేసిరి. హాస్టలులోని స్నేహితురాండ్రు ఆమెకు కూడ టిక్కెట్టు తీసిరి. ఆ రాత్రి మాకు ఫోను వచ్చెను. ‘పిన్నీ, నువ్వు వస్తే నేనూ వెళ్తాను.’ ఆ మాటకు కాదనుటకు మాకు నోరు రాలేదు.

సికిందరాబాదున రైలు దిగి మెట్రోరైలు ఎక్కితిమి. ఎత్తయిన స్తంభములమీద పోవు ఈ బండి అమీరుపేట, యూసుఫ్‌గూడ, పెద్దమ్మగుడి దాటి మాధాపురము చేరును. హైటెక్ సిటీ స్టేషను 2019 మార్చిలో తెఱువబడినది. బండిలో ఎటు చూచినను యువతీయువకులే. మెడలో గుర్తింపుకార్డులు, వీపున సంచులు, చెవులలో ఇయర్‌ఫోనులు. ఎవరును ఎవరితోను మాటలాడరు. ఇది యేమి నిర్దయ యనుకొనుచుండగనే, మా చేతి మూటను చూచి యొక బాలిక లేచి తన చోటు మాకిచ్చెను. ఆ మూటలో అరిసెలు, గోంగూరపచ్చడి ఉన్నవని వాసనచేతనే గ్రహించి చిఱునవ్వు నవ్వెను.

మాధాపురము ఒకప్పుడు రాతిగుట్టల నడుమ నున్న పల్లె. 1992లో అచట చేతిపనులవారికై శిల్పారామము ఏర్పడెను. 1998 నవంబరులో నాటి ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్సు అను సౌధమును ప్రారంభించిరి. అది మొదలు గుట్టలు బ్రద్దలై అద్దాలమేడలు లేచినవి. అయినను అచటచట ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న పెద్ద బండలు మేడల సందులనుండి తొంగిచూచుచుండును. సాయంకాలము పిల్ల మమ్ము దుర్గము చెఱువునకు తీసికొనిపోయెను. పూర్వము గోలకొండ కోటకు నీరందించిన చెఱువు ఇదియే. ఇప్పుడు దానిపై ఇనుపతీగలతో వ్రేలాడదీసిన వంతెన యున్నది. 2020లో కట్టి తెఱచిరి. దీపములు రంగులు మారుచు నీటిలో ఆడుచుండగా వందలకొలది జనము నిలిచి చూచుచుండిరి. ‘ఆఫీసు ముగిశాక తోచనప్పుడు ఇక్కడికి వస్తాను పిన్నీ’ అని పిల్ల చెప్పెను. ఎవరితో వత్తువని మేము అడుగలేదు.

ఆమె యుండునది ఆడపిల్లల హాస్టలు. గదికి నలుగురు. మంచముల క్రింద పెట్టెలు, గోడకు ఇనుపబీరువాలు, కిటికీయొద్ద రంగుడబ్బాలో నాటిన తులసి. మా పిల్ల కాక ఒకతె శ్రీకాకుళముది, ఒకతె కరీంనగరముది, ఒకతె కర్నూలుది. అరిసెల పొట్లము విప్పగానే నలుగురును మా చుట్టు చేరిరి. మాటలు మఱునాటి సినిమామీదికి పోయినవి.

రెండు భాగములు కలిసి సుమారు అయిదున్నర గంటల చిత్రము. దానిని ఇప్పుడు మూడుముప్పావు గంటలకు తగ్గించిరి. అవంతిక ప్రేమఘట్టములు చాలవఱకు పోయినవి. కొన్ని పాటలును పోయినవి. కరీంనగరపు పిల్లకు ఇది మహాపరాధముగ తోచెను. ‘గంత కష్టపడి రాజ్యం కోసం కొట్లాడిన పిల్లను సగం మాయం చేస్తే ఎట్ల?’ అని ఆమె. ‘పాటలు పోతే పోనీలే, కథ నిలిచింది గదా’ అని కర్నూలు పిల్ల. ఇద్దఱి నడుమ అరిసె యొకటి విఱిగి ముక్కలైనది.

శ్రీకాకుళపు పిల్ల దిగులు వేఱొకటి. ఇంగ్లండు రచయిత్రి రౌలింగుగారు 1997 మొదలు 2007 వఱకు ఏడు సంపుటములుగా వ్రాసిన హ్యారీ పాటర్ కథను ఆమె అన్నగారు చదివి వినిపించెడివాడట. మంత్రవిద్య నేర్చు నొక తల్లిదండ్రులు లేని బాలుని కథ యది. కడపటి సంపుటమును రెండు చిత్రములుగా తీసిరి. తుది చిత్రము 2011 జూలై 15న వచ్చెను. ‘పుస్తకంలో అతడు విరిగిపోయిన తన పాత మంత్రదండాన్ని అతికించుకుంటాడు, పిన్నిగారూ. లోకంలోకెల్లా గొప్ప దండం చేతికొచ్చినా, తనదే కావాలనుకుంటాడు. సినిమాలో ఆ గొప్పదాన్ని విరిచి పారేశాడు గాని, తనది అతికించుకోలేదు. ఇంటికొచ్చి అన్నయ్యా నేనూ అన్నం తినలేదు’ అని చెప్పెను. పదునాలుగేండ్లు గడచినను ఆ పిల్ల ముఖమున కినుక తగ్గలేదు.

‘పుస్తకము వచ్చిన నాలుగేండ్లకు గదా ఆ చిత్రము వచ్చినది. ముగింపు తెలిసియుండి ఏల పోతివమ్మా?’ అని అడిగితిమి.

‘తెలిసింది కాబట్టే వెళ్ళాను. తెలియనివాళ్ళకి ముందునుంచే ఏడుపెలా వస్తుంది?’

ఆ మాట మాకు చాల సేపు మనస్సున నిలిచినది. మన పెద్దలు భారతము విన్న తీరు ఇదియే గదా! పదునొకండవ శతాబ్దమున నన్నయగారు తెలుగున మొదలిడి అరణ్యపర్వము నడుమ విడిచిరి. పదమూడవ శతాబ్దమున తిక్కనగారు విరాటపర్వమునుండి తుదివఱకు చెప్పిరి. నడుమ మిగిలిన దానిని పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱనగారు పూరించిరి. కౌరవులు ఓడుదురని ఎఱుగని శ్రోత ఆ మూడు కాలములలోను ఉండియుండడు. అయినను తెలుగుమాటలో ఆ తుదికి చేరవలెనని కోరిరి. గీతను తిక్కనగారు బహు సంగ్రహముగ ముగించిరని నేటికిని పండితులు చర్చించుచునే యున్నారు. ఈ సంగతి చెప్పగా కరీంనగరపు పిల్ల చప్పట్లు కొట్టి, ‘అయితే కోసేసుడు అప్పట్నించే ఉన్నదన్నట్టు!’ అనెను. అందఱును నవ్విరి. మా పిల్ల నవ్వలేదు. ఆమె కిటికీయొద్ద తులసికి నీరు పోయుచుండెను.

మఱునాడు నవంబరు 2, ఆదివారము. ఉదయపు ఆటకు కొండాపురమునందలి యొక పెద్ద మాలునకు పోతిమి. అంతస్తు తరువాత అంతస్తు కదలుమెట్లపై ఎక్కి పైకి చేరవలెను. లోపల జనము క్రిక్కిఱిసి యుండెను. ఎనిమిదేండ్లక్రిందట చూచినవారు, నాడు పుట్టని తమ బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చిరి. బాహుబలి తెరమీదికి వచ్చుటకు క్షణము ముందుగనే ఈలలు లేచెను. పాత్ర నోరు తెఱవకముందే సంభాషణలు వెనుకవరుసనుండి వినవచ్చెను. ముందు వరుసలోని యువకుడొకడు ఎగిరిపడు జలపాతమును చూపి, అది కంప్యూటరుమీద ఎట్లు గీసిరో ప్రక్కవానికి బోధించుచుండెను. ఆ రాజ్యము సగము నగరమునకు తూర్పుననున్న రామోజీ ఫిల్మ్ సిటీలో కట్టిన కట్టడములు, సగము కంప్యూటరుమీది పని. తమ ఊరి పనియని గర్వము కాబోలు, ఆ బోధకు ఎవరును అడ్డు చెప్పలేదు.

శివగామి పసివానిని నీటిపై ఎత్తిన ఘట్టమున పిల్ల మా చేయి పట్టుకొనెను. ఆ చేయి మఱి విడువలేదు. నాడు 658 దినములు జనమును వేచియుండజేసిన ప్రశ్నకు ఇప్పుడొక్క కూర్చుండుటలోనే సమాధానము వచ్చును. బిజ్జలదేవుడును భల్లాలదేవుడును పన్నిన మోసమున చిక్కి, బాహుబలి తన కన్నకొడుకును చంపింప యత్నించెనని శివగామి నమ్మును. కట్టప్పను పిలిచి, నీవు చంపెదవా, నన్ను చంపమందువా యని అడుగును. సింహాసనమునకు బద్ధుడైన ఆ ముదుసలికి వేఱు దారి లేదు. కత్తి దిగిన క్షణమున, అంతవఱకు ఈలలు వేసిన ఆ శాల యంతయు నిశ్శబ్దమయ్యెను. అందఱికిని తెలిసిన సంగతియే. అయినను ఎవరో చిన్నగ వెక్కిరి.

మా పిల్ల కన్నీరు పెట్టినది అప్పుడు కాదు. కట్టప్ప వచ్చి నిజము చెప్పగా శివగామి తన తప్పు తెలిసికొని, పసివానిని ఎత్తి ప్రజలకు రాజుగ చూపి, వానిని పొదివికొని పరుగెత్తిన ఘట్టమున ఆమె దుఃఖము ఆగలేదు. మొదట చూచిన ప్రవాహమునకు ఆమె చేరినది ఆ పరుగుననే. పిల్ల మా చెవియొద్ద వంగి, ‘నాకు జవాబు మాత్రమే చెప్పారు పిన్నీ. ఇది చెప్పలేదు’ అనెను.

బయటికి వచ్చినపుడు మిట్టమధ్యాహ్నము దాటినది. కరీంనగరపు పిల్ల అవంతికను గుఱించి ఇంకను వాదించుచునే యున్నది. మా పిల్ల అడ్డుపడి, ‘మా అమ్మ ఆ పాపను ఎత్తిన చెయ్యి చూసి శివగామిని నమ్మింది. ఆజ్ఞ విషయంలో అమ్మ తప్పు. మనిషి విషయంలో తప్పు కాదు’ అని అనెను. స్నేహితురాండ్రు మువ్వురును ఆమె వంక చూచిరి. రెండేండ్లు ఒకే గదిలో నున్నను, ఆ పిల్ల తల్లిని గుఱించి వారితో మాటలాడుట అదియే మొదటిసారి యని శ్రీకాకుళపు పిల్ల తరువాత మాతో చెప్పెను. కర్నూలు పిల్ల మెల్లగ, ‘ఆజ్ఞ ఇచ్చింది నిజమే గదా, తప్పు తప్పే’ అని యెదురు చెప్పెను. అంతట హాస్టలు చేరువఱకు వాదము సాగినది. మా అక్కగారు లేకున్నను ఆమె పక్షము వహించి వాదించువారు ఆనాడు ఆ వీధిలో నిద్దఱుండిరి. మేమును ఒకరము.

ఆ సాయంకాలము క్షీరాబ్ది ద్వాదశి. పిల్లలు తులసి డబ్బాను కిటికీనుండి మేడమీదికి తెచ్చి, ఉసిరికొమ్మ దొరకక ఒక ఉసిరికాయను మట్టిలో గ్రుచ్చి, దీపములు పెట్టిరి. ఎదుట అద్దాలమేడలు, ఆదివారమైనను కొన్ని అంతస్తులలో వెలుగుండెను. అచట మన రాత్రి దూరదేశములకు పగలట. మా పిల్ల తల్లిపేర ఒక దీపము వేఱుగ వెలిగించెను. ఇన్నాళ్లు ఎవరికి తెలియకుండ వెలిగించెడిదట. ఆనాడు నలుగురి యెదుటను వెలిగించినది.

ముగింపు తెలియుట వేఱు, ముగింపునకు చేరుట వేఱు అని మాకు తోచినది. తెలియుటకు ఒక్క మాట చాలును, ఎవరైనను చెప్పగలరు. చేరుటకు దారి యంతయు నడువవలెను. ప్రక్కన చేయి పట్టుకొనుటకు ఒకరుండవలెను. పుస్తకము చదివినవారు చిత్రమునకు పోయి అలిగి వచ్చుటయు, చూచిన చిత్రమునే మరల చూచుటయు ఇందుకే కాబోలు.

ఇంటికి తిరిగి వచ్చిన పిమ్మట మా అత్తగారు, ‘ఇంతకూ ఆ కట్టప్ప ఎందుకు చంపాడే?’ అని అడిగిరి. ఆమె ఆ చిత్రమును చూడలేదు. ఒక్క వాక్యమున చెప్పవచ్చును. మేము చెప్పలేదు. సంక్రాంతికి పిల్ల వచ్చునప్పుడు ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని మొదటినుండి చూడుమని మాత్రమే చెప్పితిమి.