గంజికుండ

గుడివాడనుండి బందరునకు పోవు రైలులో కిటికీకడ కూర్చున్నచో ఇరుప్రక్కల కనబడునవి వరిచేలు. ఈ సీమవారు ఆదినుండియు వరియన్నమే తినిరని తోచును. అట్లు కాదు. 1855లో బెజవాడకడ కృష్ణకు ఆనకట్ట పూర్తియగువఱకు వాననీటి పైరులే దిక్కు. పేదయిండ్ల నిత్యాహారము జొన్నయన్నమో, రాగియంబలియో. వరియన్నము పండుగనాటి మాట. వానలు తప్పిన 1832–33 నందన కరవునందు ఆ అంబలియు కఱవై అసంఖ్యాకులు మడిసిరి.

కాలువలు వచ్చినపిదప అన్నముతోపాటు గంజియు వచ్చినది. వార్చిన గంజిని పాఱబోయక ఒక కుండలో పోసి, గుప్పెడన్నము చేర్చి పులియనిచ్చిన తరవాణి యగును. నాట్లకు పోవు స్త్రీలును పిల్లలును వేకువనే దానితో చద్దియన్నము కలిపికొని, ఉల్లిపాయయో గోంగూరపచ్చడియో నంజుకొని తినెడివారు. సముద్రతీరపు పల్లెకారులకు కాల్చిన యెండుచేప యుండెడిది. ఇల్లాలు మాత్రము అందఱును తిన్నపిదప కుండయడుగున మిగిలినదే త్రాగెడిది; దీనిని పొదుపని మెచ్చుకొనుటకు నాకు మనసొప్పదు.

గంజికి మఱియొక పని కలదు. సాలెవారు పడుగునకు గంజి పట్టింపక నేయలేరు. ఉతికిన చీర బిగువుగా నిలుచుటకును గంజియే కావలయును. కాని గంజి త్రాగి బ్రదుకు నింట చీరకు గంజి యెక్కడిది? కూలిస్త్రీకి ముతక నేతకోక, బురదలో దిగుటకు వీలుగా గోచిపోసి కట్టినది. పురుషునకు గోచియు తలగుడ్డయు.

ఇంతకును ఇది పారశీకమునకు ఓడలపై వస్త్రములంపిన బందరు చెంతనే! కరక్కాయయు గేదెపాలును పట్టించిన బట్టపై, తుప్పినుమును బెల్లపునీట నూరవైచి తీసిన నలుపు నద్ది, పటికయద్దిన చోట్ల చిరివేరుతో నుడికించి యెఱుపు తెచ్చి, పాఱునీట నుతికెడివారు. 1869 ప్రాంతమున జర్మనీలో కృత్రిమపుటెఱుపు పుట్టినపిదప చిరివేరు వెనుకబడినది. అద్దకము మాత్రము నేటికిని పెడనలో నిలిచియున్నది.

పులిగడ్డకడ కృష్ణ రెండుపాయలగును. ఆ నడుమ దివిసీమ. 1977 నవంబరు 19న సముద్రము ఊళ్లపై బడినపుడు వేలమంది పోయిరి. మిగిలినవారికి వండుటకు కుండ లేదు, మార్చుకట్టుటకు కోక లేదు, చేలలో ఉప్పు నిలిచినది.

ఇపుడు కుక్కరులో అన్నము వార్చకయే యుడుకుచున్నది. చీరకు గంజిని పొట్లములలో కొనుచున్నాము. తరవాణి పెట్టగోరు సోదరీమణులు మంటికుండనే వాడవలయును. ప్రతిదినము క్రొత్తగంజి చేర్చుట మఱవరాదు. ఒకపూట యేమఱినచో వాసన తిరుగును.