లఫ్జ్, నీయత్, ఇరవై ముఖాల పాచిక

ఎండాకాలం సెలవులొస్తే మా ఇంటి మిద్దె మీద రాత్రిళ్లు పిల్లలు ఆడే ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఆ పేరు వింటేనే మనలో చాలామంది అమ్మీ అబ్బాలకు ఫికర్ మొదలవుతుంది. జాదూ, జిన్నులు, సైతాన్లు ఉన్న ఆటంట కదా అని. మా అమ్మీ కూడా అదే అడిగింది. "దాస్తాన్ లాంటిదే అమ్మీ, కాకపోతే చెప్పేది ఒకరు, అందులో తిరిగేది నలుగురు" అన్నాను. అమ్మీ చిన్నప్పుడు వాళ్ల అబ్బా నోట తిలిస్మె హోష్‌రుబా విన్న మనిషి. వెంటనే "అయితే లౌహ్ ఏదీ?" అంది. తిలిస్మ్‌ను విడగొట్టేవాడు అడుగు తీసి అడుగు వేసేముందు చదువుకోవాల్సిన పలక అది. దాన్ని చూడకుండా పోయాడంటే ఇరుక్కున్నాడే. పిల్లలు మూడొందల పైచిలుకు పేజీల రూల్స్ పుస్తకం తెచ్చి ఆమె ఒళ్లో పెట్టారు. బరువు చూసి "హా, లౌహే" అని ఒప్పేసుకుంది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. డంజన్ మాస్టర్, అంటే డీఎమ్, కథ నడుపుతారు. గుహ ఉంది, లోపల ఎవరో ఉన్నారు అని చెబుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని నేను ఇది చేస్తాను, అది చేస్తాను అంటారు. అయ్యిందా కాలేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. ఏది చెయ్యొచ్చు, ఏది చెయ్యకూడదు అన్నది పుస్తకంలో ఉంటుంది. తకరార్ అంతా ఆ పుస్తకం దగ్గరే.

మా ఇంట్లో డీఎమ్ మా అమ్మాయి. హైదరాబాద్‌లో బీటెక్ రెండో ఏడు, హాస్టల్లో నేర్చుకుంది ఈ షౌక్. ఆడేది దాని తమ్ముడు, మా ఆపా కొడుకులిద్దరు. ఆపా పెద్దకొడుకు నౌకరీ చేస్తున్నాడు, మా అమ్మాయి కంటే మూడేళ్లు పెద్ద. వాడి పాత్ర డాలు పట్టుకున్న సిపాయి.

నేను ఇరవై రెండేళ్లుగా దస్తావేజులు రాస్తున్నాను. రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా బల్ల. చెక్కుబందీ రాయడం, పాత కాగజ్ చదివి పెట్టడం, ఇదే బతుకు. "నడక దారి" అని తాత రాయించిన చోట మనవడు ట్రాక్టర్ తోలితే ఎన్ని ఇళ్లు మాట్లాడుకోవడం మానేశాయో నాకు తెలుసు. అందుకే వాళ్ల ఆట నాకు సగమే అర్థమైనా, వాళ్ల తగాదాలు మాత్రం పూర్తిగా అర్థమవుతాయి.

మొదటి పెద్ద తకరార్ డాలు మీద వచ్చింది. వాళ్ల దగ్గరున్నది 2014 పుస్తకం. అందులో షీల్డ్ మాస్టర్ అని ఒక హునర్ ఉంది. నీ వంతులో నువ్వు దాడి చేస్తే, పైగా ఇంకో చిన్న పనిగా, దాన్నే బోనస్ యాక్షన్ అంటారు, పక్కనున్న దుష్మన్‌ను డాలుతో తొయ్యొచ్చు. పిల్లోడు ముందు తోసి, తర్వాత కొడతానన్నాడు. ఎందుకంటే కిందపడ్డవాడిని దగ్గర నుంచి కొడితే రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు. మా అమ్మాయి కాదంది. "ఇప్పటికి ముందు కొట్టు భాయ్, తర్వాత తొయ్యి. రాత్రి చూసి రేపు ఖరారు చేస్తా" అంది.

వాడు ఫోన్ తీశాడు. "ఇదిగో, ఆట రాసినవాడే చెప్పాడు, ఎప్పుడైనా తొయ్యొచ్చని. నీకంటే వాడికి తక్కువ తెలుసా?" అన్నాడు. గొంతు కొంచెం పెరిగింది. మా అమ్మాయి ముఖం ఎర్రబడింది. అప్పుడు వాడి తమ్ముడు, పాపం ఏ ఉద్దేశమూ లేకుండానే, "ఆఫీసు దోస్తులతో ఆడేటప్పుడు భాయ్ అసలు నోరు మెదపడు మామూ, డీఎమ్ ఏమంటే అదే" అనేశాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ ఆఫీసు డీఎమ్ మగపిల్లాడని వేరే చెప్పక్కర్లేదు కదా.

పెద్దోడు నా వైపు తిరిగాడు. "మామూ, మీరే ఫైసలా చెప్పండి. కాగజ్ చదవడం మీకు ఆదత్ కదా."

నాకు రాయ్ లేకపోలేదు. "చేస్తే" అని రాసిన చోట ముందు చేయాలనే నేను చదువుతాను. కానీ నోరు విప్పలేదు. నేను ఒక్కసారి ఫైసలా చెప్పానంటే, ఆ రాత్రి నుంచి ప్రతి సవాలూ నా కుర్చీ దగ్గరికే వస్తుంది. అది నా అమ్మాయి వైపే చెప్పినా సరే. అబ్బా చెప్పాడు కాబట్టి ఒప్పుకున్నాం అంటారు, అది చెప్పింది కాబట్టి అనరు. "నేను ఈ ఆటలో లేను బేటా" అని చాయ్ తాగుతూ కూర్చున్నాను. వాడు ముందు కొట్టి, తర్వాత తోశాడు. ముఖం మాడ్చుకునే అనుకోండి.

మర్నాడు ఆట మొదలయ్యేముందు మా అమ్మాయి నోట్‌బుక్ తెరిచింది. "భాయ్, నిన్న నువ్వు చూపించిన జవాబు తారీఖు చూశావా?" అంది.

సుభానల్లా, నా ఖలేజా చల్లబడింది. దస్తావేజుల పనిలో మొదటి పాఠం అదే, ముందు తారీఖు చూడు.

సంగతేమిటంటే, ఆ పుస్తకం రూల్స్ చూసిన జెరెమీ క్రాఫర్డ్ అనే ఆయన మొదట ఎప్పుడైనా తొయ్యొచ్చన్నాడు. 2018లో మాట మార్చి, ముందు దాడి జరగాలన్నాడు. పిల్లోడి ఫోన్లో ఉన్నది పాత మాట. పైగా 2019 మొదట్లో, మేము ట్విట్టర్లో అనే మాటలు సలహా మాత్రమే, సేజ్ అడ్వైస్ సంకలనంలో ఎక్కిందే అధికారికం అని వాళ్లే తేల్చేశారు. నోటిమాటకీ రిజిస్టరైన కాగజ్‌కీ ఉన్న ఫరకే ఇది.

ఈ సవాల్ జవాబుల సిల్సిలా చాలా పాతదని తర్వాత చదివి తెలుసుకున్నాను. ఆట 1974లో అమెరికాలో వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన మూడు చిన్న పుస్తకాలు ఒక పెట్టెలో. చెప్పింది తక్కువ, వదిలేసింది ఎక్కువ. జనం ఉత్తరాలు రాయకుండా ఉంటారా? 1979లో ది డ్రాగన్ పత్రికలో సేజ్ అడ్వైస్ అని ఒక శీర్షిక పెట్టారు. అందులో మొదట జవాబులు రాసింది ఎవరనుకున్నారు? జీన్ వెల్స్ అనే ఔరత్. ఈ మాట నేను మా అమ్మాయికి చెబితే, "తెలుసు అబ్బా" అని నవ్వింది. తెలిసి కూడా వాళ్ల భాయ్ ముందు వాడుకోలేదు. నేనైతే వాడుకునేవాణ్ని.

క్రాఫర్డే ఇంకో మంచి మాట చెప్పాడు. రూల్ గురించి అడిగినప్పుడు మూడు చూడాలంట. రాసి ఉన్నది ఏమిటి, రాసినవాడు అనుకున్నది ఏమిటి, ఏది చేస్తే ఆట బాగుంటుంది. మన మాటల్లో లఫ్జ్, నీయత్, లుత్ఫ్. ఈ మూడూ ఎప్పుడూ ఒకే వైపు చూపిస్తే దస్తావేజు రాసేవాళ్లకీ వకీళ్లకీ పనుండదు.

ఆపా చిన్నకొడుకు లఫ్జ్ పట్టుకుని ఏకంగా హత్యే చేయబోయాడు. వాడి పాత్రకు నీళ్లు పుట్టించే జాదూ ఉంది. తెరిచి ఉన్న పాత్రలో పది గ్యాలన్ల వరకూ పుట్టించొచ్చు. అంటే దాదాపు 38 లీటర్లు, రెండు పెద్ద బిందెలకు పైనే. వీడు లేచి నిలబడి, "దుష్మన్ నోరు తెరిచే ఉంది. వాడి ఊపిరితిత్తులు తెరిచిన పాత్ర. నీళ్లు నింపుతున్నా" అన్నాడు. అమ్మీ మంచం మీద నుంచే "తౌబా తౌబా" అంది. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. మా అమ్మాయి కూడా నవ్వి, తర్వాత కుదరదంది. "మొదటి మెట్టు జాదూతోనే ఎవర్నైనా చంపేయొచ్చంటే, తొమ్మిదో మెట్టు వరకూ ఎందుకు రాశారు? చంపే జాదూ అయితే ఎంత దెబ్బో అక్కడే రాసుండేది. సరే, ఒప్పుకుంటాననుకో. రేపు నా రాక్షసులు నీ ఊపిరితిత్తుల్లో నింపితే?" వాడు కూర్చున్నాడు.

అది చాలా సవాళ్లకు వాడే కొలత అదే. నాకిచ్చిన రూలే నీకూ. దానికి తోడు ఇంకోటి, సవాల్ అడిగేవాళ్లు ముందు ఆ వాక్యం మొత్తం పైకి చదవాలి. సగం తగాదాలు చదవడంతోనే ఖతం. మా బల్ల దగ్గరా అంతే. కాగజ్ జేబులో పెట్టుకుని అరిచేవాళ్లే ఎక్కువ.

చివరి వారంలో వచ్చింది అసలు పరీక్ష. మా అమ్మాయి రాక్షసుల్లో ఒక జాదూగర్ మాయమైపోయాడు. మా అబ్బాయి తన వంతు ఖర్చు పెట్టి, కనిపించనివాటిని చూసే జాదూ వేసుకున్నాడు. ఇప్పుడు వాడికి దుష్మన్ కనిపిస్తున్నాడు. నిప్పు విసిరాడు. అప్పుడు పెద్దోడు, ఇన్సాఫ్‌గా చెప్పాలంటే తన జట్టుకే నష్టమని తెలిసీ, పుస్తకం తెరిచి పైకి చదివాడు. మాయమైనవాడి మీద దాడి చేస్తే రెండు పాచికల్లో చిన్నదే తీసుకోవాలని ఉంది. చూడగలిగినవాడికి మినహాయింపు అని ఎక్కడా లేదు. "లఫ్జ్ ప్రకారం చిన్నదే" అన్నాడు. అధికారిక జవాబు కూడా లఫ్జ్ వైపే ఉందని మా అమ్మాయికి తెలుసు. దాని రాక్షసుడు బతికిపోతాడు, కథ అది అనుకున్న దారిలోనే పోతుంది.

అది ఒక్క నిమిషం పెన్ను నోట్లో పెట్టుకుని కూర్చుంది. "చూడ్డానికే జాదూ ఖర్చు పెట్టినవాడికి కనిపించి కూడా కనిపించనట్టే అంటే, ఆ జాదూ ఎందుకు? ఈ టేబుల్ మీద కనిపిస్తే కనిపించినట్టే. ఒక్క పాచిక వెయ్యి" అని తమ్ముడికి చెప్పి, నోట్‌బుక్‌లో మా ఇంటి రూల్ అని రాసుకుంది. పడ్డది పద్దెనిమిది. జాదూగర్ పోయాడు. మూడు రోజులు కూర్చుని అల్లిన కథ కూడా వాడితోనే పోయింది. పెద్దోడు ఏమీ అనలేదు. పుస్తకం మూసి తన వంతు కోసం చూశాడు.

సెలవులైపోయి ఆపా పిల్లలు వెళ్లిపోయారు. రెండు వారాల తర్వాత వాడి నుంచి మా అమ్మాయికి ఒక ఫోటో వచ్చింది. 2024లో వచ్చిన కొత్త పుస్తకంలో పేజీ. మాయమైనవాడిని ఎవరైనా ఎలాగోలా చూడగలిగితే, వాళ్ల ముందు ఆ లాభం చెల్లదని సవరణ దస్తావేజులా రాసేశారు. ఫోటో కింద వాడు ఒక్క మాట కూడా రాయలేదు. పక్కనే ఇంకో ఫోటో పెట్టాడు, పుస్తకం అచ్చయిన సంవత్సరం ఉన్న పేజీది.