బందరు వాచీ ఒకటి ఉంటేనా!

చేతికి వాచీ పెట్టుకునే అలవాటు మీకింకా ఉందా? సెల్‌ఫోను జేబులో చేరాక మణికట్లు చాలావరకు ఖాళీ అయిపోయాయి గానీ, మీది ఖాళీ కాకపోతే ఒకసారి తీసి వెనక్కి తిప్పి చూడండి. స్విట్జర్లాండ్ అనో, జపాన్ అనో ఉంటుంది. మనదైతే బెంగళూరో, హోసూరో. బందరు పేరు మాత్రం ఉండదు. కోనేరు సెంటర్లో నిలబడి "బందరులో తయారైన వాచీ ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగి చూడండి, మిమ్మల్ని ఎగాదిగా చూసి లడ్డూల కొట్టుకి దారి చెబుతారు.

నవ్వకండి. అడగకూడని ప్రశ్నేం కాదు. ఈమధ్య ప్రపంచంలో వాచీలకి ఏ సంబంధమూ లేని ఊళ్ళనుంచి చిన్న చిన్న కంపెనీలు బయల్దేరుతున్నాయి. కౌలాలంపూరులో మింగ్ థైన్ అనే ఫొటోగ్రాఫరు, తనలాంటి వాచీపిచ్చి ఉన్న స్నేహితులు కొందరితో కలిసి 2017లో తన పేరునే ఓ కంపెనీ పెట్టాడు. రెండేళ్ళు తిరిగేసరికి, 2019లో, జెనీవావాళ్ళు ఏటేటా ఇచ్చే పెద్ద బహుమతుల్లో ఒకటి వాళ్ళ రాగిరంగు డయల్ వాచీకి వచ్చింది. మలేషియాలో వాచీల పరంపర ఏముంది చెప్పండి? రబ్బరు తోటలుంటాయి, తగరం గనులుంటాయి. మన దేశంలోనూ జైపూరులో గౌరవ్ మెహతా అనే ఆయన 2013లో మొదలుపెట్టి, జార్జి చక్రవర్తి బొమ్మ ఉన్న పాత నాణేలనే డయళ్ళుగా బిగించి అమ్మాడు. బెంగళూరులో నిరుపేశ్ జోషి, మెర్సీ అమల్‌రాజ్ అనే భార్యాభర్తలు సాఫ్ట్‌వేర్ కొలువులు వదిలిపెట్టి 2018లో బెంగళూరు వాచ్ కంపెనీ తెరిచారు. క్రికెట్టు పేరున ఒకటి, యుద్ధవిమానాల పేరున ఒకటి, అంతరిక్షం పేరున ఒకటి చేశారు.

"అయితే లోపలి మిషను వాళ్ళే చేస్తున్నారా?" అంటారు మీరు. చేయరు. గుట్టంతా అక్కడే ఉంది. రిపేరు కొట్టువాళ్ళు మిషను అనే ఆ లోపలి యంత్రాన్ని చిన్న కంపెనీలు దాదాపు అన్నీ కొనుక్కునేవే. సిటిజన్ వాళ్ళ మియోటా, సీకో వాళ్ళ ఎన్‌హెచ్ 35, లేకపోతే స్విస్ సెల్లిటా. కేసూ, డయలూ, ముళ్ళూ, అద్దమూ ఎలా ఉండాలో తేల్చుకోవడమే చిన్న కంపెనీ పని. ఇది మోసం అనేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. 2017నుంచి స్విట్జర్లాండ్ చట్టం ప్రకారం "స్విస్ మేడ్" అని రాసుకోవడానికి మిషను స్విస్‌ది కావడం, బిగింపు అక్కడే జరగడం లాంటి షరతులతోపాటు తయారీ ఖర్చులో కనీసం 60 శాతం ఆ దేశంలో కావాలి. తక్కిన 40 ఎక్కడిదో ఎవరూ నిలదీయరు. పేరున్నవాళ్ళకి లేని తప్పు పేరు లేనివాళ్ళకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

పోనీ, ఆ స్విస్‌వాళ్ళకయినా పుట్టుకతోనే వచ్చిందా ఆ విద్య? 16వ శతాబ్దంలో జెనీవా మతగురువు కాల్విన్ ఆడంబరాలు కూడదని నగల మీద కన్నెర్ర చేశాడు. నగలు చేసుకు బతికే స్వర్ణకారులకి పొయ్యి ఆరిపోయే పరిస్థితి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఫ్రాన్సులో మతహింస తట్టుకోలేక పారిపోయి వచ్చినవాళ్ళు గడియారాల విద్య వెంట తెచ్చారు. నగ వద్దన్నారు గానీ గడియారం వద్దనలేదు కదా! నగిషీ చెక్కే చేతులు గడియారపు పెట్టె మీద పడ్డాయి. ఇవాళ మనం పరంపర అని చేతులు జోడించేది మొదట్లో అలాంటి అవసరంలోంచి, అరువు విద్యలోంచి పుట్టిందే.

ఇక్కడ నాకు బందరులోని చిలకలపూడి గుర్తుకొస్తుంది. పాండురంగడి గుడి కోసం వెళ్ళినవాళ్ళంతా గిల్టు నగల కొట్లు కూడా చూసే ఉంటారు. రాగి మీద పల్చటి బంగారు రేకు అతికించి, కాల్చి, రోలర్ల మధ్య సాగదీస్తే అది రోల్డ్ గోల్డ్. మరి పాతకాలపు విదేశీ వాచీల వెనక మూత చూశారా? కొన్నిటి మీద "రోల్డ్ గోల్డ్" అని ముద్ర ఉంటుంది. చిలకలపూడి వడ్డాణానికీ, మీ తాతగారి వాచీ కేసుకీ పనితనం ఒకటే. 1963లో మొరార్జీ దేశాయి బంగారం నియంత్రణ తెచ్చి 14 క్యారట్లకి మించి నగ చేయకూడదన్నప్పుడు దేశమంతటా స్వర్ణకారులు వీధిన పడ్డారు. జెనీవా కథే మళ్ళీ ఎదురైంది. కాకపోతే వాళ్ళకి పక్కనుంచి గడియారం పట్టుకొచ్చినవాడు దొరికాడు, మనవాళ్ళకి దొరకలేదు.

అద్దం సంగతీ చెప్పాలి. 1926లో బందరులో ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ పుట్టింది, కాలేజీ ప్రయోగశాలలకి కావలసిన పరికరాలు చేసి ఇవ్వడానికి. అదే 1926లో రోలెక్స్‌వాళ్ళు నీళ్ళలో మునిగినా చెడని ఆయిస్టర్ వాచీ తెచ్చారు. ఆ వాచీకి దక్కిన పేరులో వెయ్యో వంతు కూడా మన కంపెనీకి దక్కలేదు. 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. ఇప్పుడు సైన్యం చీకట్లో చూసే పరికరాలు చేస్తున్నారు. గుడివాడ వైపు, పామర్రు దగ్గర నిమ్మలూరులో కొత్త కర్మాగారం కూడా వచ్చింది. అంత సూక్ష్మంగా కటకాలు సానపట్టే ఊరికి వాచీ అద్దం ఓ లెక్కా?

చిత్రం ఏమిటంటే, లోలకం గడియారం కనిపెట్టిన హైగెన్స్ డచ్చివాడు. అది 1656. అప్పటికి డచ్చివాళ్ళు బందరులో కొట్లు పెట్టి అర్ధశతాబ్దం అయింది. కలంకారీ గుడ్డలు ఓడలకెత్తుకు పోయారు గానీ గడియారం పని మనకి నేర్పిపోలేదు. వర్తకులు కదా, నేర్పితే బేరం పోతుంది.

తెలుగువాళ్ళు వాచీలు అసలు చేయనే లేదని కాదు. హైదరాబాద్ ఆల్విన్ అని ఉండేది, 1942లో పెట్టింది. బస్సుల బాడీలు కట్టేది, ఫ్రిజ్‌లు చేసేది, 1980లలో సీకో సహకారంతో వాచీలూ చేసింది. గుడివాడ చుట్టుపక్కల పెళ్ళిళ్ళలో అల్లుడి లాంఛనాల్లో సైకిలు, రేడియో, వాచీ ఉండే రోజులవి. అల్లుడిగారు హెచ్‌ఎంటీయే కావాలని అలిగితే, ఆల్విన్ మన హైదరాబాదుదే కదా నాయనా అని నచ్చచెప్పిన మామగార్లు ఉండే ఉంటారు. 1961లో సిటిజన్ సాయంతో మొదలైన హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ 2016లో మూతపడింది. ఆల్విన్ అంతకన్నా ముందే కనుమరుగై, మియాపూరు దగ్గర బస్‌స్టాపు పేరుగా మిగిలింది. రెండూ సర్కారువే. టాటాలూ తమిళనాడు ప్రభుత్వమూ కలిసి 1984లో పెట్టిన టైటన్ హోసూరులో నిలబడింది. 2002లో ఎడ్జ్ అనే వాచీ తెచ్చింది. దాని మిషను మందం 1.15 మిల్లీమీటర్లు. ఆ ఊళ్ళో ఎటు తిరిగినా తెలుగు వినబడుతుంది కాబట్టి అందులో మనకీ కాస్త వాటా ఉందనుకుందాం.

కాబట్టి బందరు వాచీకి నేను వేసుకున్న లెక్క ఇది. కేసు మీద పూత చిలకలపూడిది, డయలు మీద బొమ్మ పెడన కలంకారీ అచ్చు, మిషను జపానుది. జపానుదే ఎందుకంటే దివిసీమలో ఉప్పుగాలికీ, రొయ్యల చెరువుల తేమకీ ఎంత మంచి వాచీ అయినా ఏనాటికో మొరాయిస్తుంది. అప్పుడు నాగాయలంకనుంచో కోడూరునుంచో బస్సెక్కి వచ్చినవాడితో, కంటికి భూతద్దం తగిలించుకున్న మన రిపేరు మనిషి "భాగం దొరకదండీ, స్విట్జర్లాండ్ పంపాలి" అనకూడదు. అందరూ వాడే మిషనైతే విడిభాగాలు చవగ్గా దొరుకుతాయి. మరీ పాడైపోతే మిషను మొత్తమే మార్చి బిగించి ఇస్తాడు.

ఇక అంకెలు. హెచ్‌ఎంటీ జనతాలో దేవనాగరి అంకెల రకం ఒకటి ఉండేది, ఇప్పుడు దానికోసం సేకరించేవాళ్ళు ఎగబడుతున్నారు. మనదానికి తెలుగు అంకెలు వేయిస్తానంటే మా ఇంట్లోనే గొడవ. ౬ ఏదో ౭ ఏదో ఈ కాలం పిల్లలకి తెలుస్తుందా, చదువుకునేలోపల గుడివాడ బస్సు వెళ్ళిపోతుంది అంటారు. వెళ్ళిపోదండీ. వాచీలో అంకె చదివినవాడెవడు? పెద్దముల్లు నిటారుగా ఉందా, చిన్నముల్లు ఏ మూల ఉందా అనే కదా చూస్తాం. కావాలంటే ఇందాక వెనక్కి తిప్పిన మీ వాచీ చూడకుండా చెప్పండి, దాని మీద ఉన్నవి మామూలు అంకెలా, రోమన్ అంకెలా, ఉత్త గీతలా?